లివర్‌పూల్ లాబ్‌లో తెలుగు స్వామి

అణువిజ్ఞానం అనగానే మనకి బాంబే గుర్తొస్తుంది. మరి స్వామి జ్ఞానానంద సంగతి ఎంతమందికి తెలుసు? 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. హిమాలయాల్లో తపస్సు చేసి, ఆనక యూరప్ వెళ్ళి ఫిజిక్స్‌లో పడ్డారు. లివర్‌పూల్‌లో ఛాడ్విక్ (న్యూట్రాన్‌ని కనుక్కున్నాయన) దగ్గర బీటా కిరణాల్ని కొలిచే పని మీద పీహెచ్‌డీ చేశారు.

ఆ ఛాడ్విక్కే తర్వాత అణుబాంబు ప్రాజెక్టులో బ్రిటిష్ బృందానికి నాయకుడు. 1939లో అదే లాబ్‌కి వచ్చిన రాట్‌బ్లాట్ మాత్రం 1944లో ఆ ప్రాజెక్టు వదిలేసి, అణ్వాయుధాల మీద పోరాడి, 1995లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. మన స్వామీజీ 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేశారు.

చదువు ఒకటే, దారులే మూడు. తనిఖీ లేని ఒప్పందం టెస్టింగ్ చెయ్యని రిలీజ్ లాంటిది. అందుకే నన్నడిగితే, బాంబు చెయ్యగలిగిన వాళ్ళకన్నా దాన్ని పసిగట్టగలిగే పీహెచ్‌డీ పిల్లలే మనకెక్కువ కావాలి. ఏమంటారు?