గాలి కోసం ఆగిన వర్తకులు: చ్వాన్‌జౌ రేవులో విదేశీయుల నివాసం (10–14 శతాబ్దాలు)

చైనా ఆగ్నేయ తీరంలోని ఫూజియెన్ ప్రాంతపు రేవు చ్వాన్‌జౌ. అరబ్బులు దీన్ని జైతూన్ అన్నారు. 1087లో సోంగ్ ప్రభుత్వం ఇక్కడ నౌకావర్తక కార్యాలయం తెరిచింది. మార్కోపోలో, ఇబ్న్ బతూతా ఇద్దరూ లోకంలోని పెద్ద రేవుల్లో ఒకటిగా దీన్ని ఎంచారు. 2021లో యునెస్కో ఇక్కడి 22 స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ పట్టణపు విదేశీ సంబంధాలను మిరియాలు, పట్టు, పింగాణీల ఎగుమతి దిగుమతులతో లెక్కగట్టడం పరిపాటి. అసలు ఆధారం మరోచోట ఉందని నా వాదన. సరుకు వచ్చి పోయేది. మనిషి మాత్రం గాలి తిరిగేదాకా నెలల తరబడి ఇక్కడే ఉండాల్సి వచ్చేది. ఆ నివాసమే పట్టణాన్ని మార్చింది.

శీతకాలపు ఈశాన్య గాలులతో ఓడలు దక్షిణానికి బయలుదేరేవి, ఎండాకాలం నైరుతి గాలులతో తిరిగి చేరేవి. గాలి తప్పితే ఆ ఏటి ప్రయాణం తప్పినట్టే. పట్టణానికి పడమరనున్న జ్యూరీ కొండ రాళ్ల మీద 12, 13 శతాబ్దాల శాసనాలు దీనికి సాక్ష్యం. నౌకావర్తక కార్యాలయపు అధికారులు కొండెక్కి, అనుకూలమైన గాలి వీచాలని మొక్కుకుని, ఆ సంగతిని తేదీతో సహా చెక్కించారు. ఖజానాకు సుంకం రావాలంటే ఓడ రావాలి, ఓడ రావాలంటే గాలి రావాలి. అందుకే గాలి మొక్కు సర్కారు విధుల్లో భాగమైంది.

అలా ఆగినవారు ఎవరు? ఫూజియెన్ నౌకావర్తక అధికారిగా పనిచేసిన ఝావో రుగువా 1225లో విదేశాల గురించి ఒక గ్రంథం రాశాడు. మలబారు తీరం నుంచి వచ్చిన తండ్రీకొడుకులు పట్టణపు దక్షిణ శివారులో కాపురం ఉన్నారని అందులో నమోదు చేశాడు. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందు, 980ల్లో, ఒక భారతీయ బౌద్ధ భిక్షువు సముద్రం మీదుగా వచ్చి, విదేశీ వర్తకులు ఇచ్చిన ధనంతో అదే శివారులో ఆలయం కట్టించాడనీ రాశాడు. 1009 నాటి మసీదును 1310లో షీరాజ్‌కు చెందిన వ్యక్తి బాగు చేయించినట్టు అక్కడి అరబ్బీ శాసనం చెబుతుంది. మూడు వందల ఏళ్లు నిలిచిన ప్రార్థనా స్థలానికి మరమ్మతు చేయించడం దారిన పోయేవారి పని కాదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది 1281 నాటి తమిళ శాసనం. మంగోలు ఖాన్ ఫర్మానా ప్రకారం, ఆయన శరీర క్షేమం కోరి, సంబంధ పెరుమాళ్ అనే వ్యక్తి ఇక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించాడని దాని సారాంశం. దక్షిణ సోంగ్ రాజ్యం కుబ్లాయ్ ఖాన్ వశమై అప్పటికి రెండేళ్లే అయింది. కొత్త పాలకుడి అనుమతితో, అతడి పేరు మీదే, విదేశీ వర్తకులు తమ దేవుణ్ణి నిలుపుకున్నారు. శాసనం చివర ఒక వరుస చైనా లిపిలో ఉంది.

ఆ శివాలయం ఇప్పుడు లేదు. హిందూ శిల్పాలున్న రాళ్లు మాత్రం ఊరంతా దొరికాయి. కైయువాన్ బౌద్ధాలయం ప్రధాన మంటపం వెనుక వసారాలోని రెండు పదహారు పలకల స్తంభాల మీద నరసింహుడు, మద్దిచెట్లను కూల్చే బాలకృష్ణుడు, గజేంద్రమోక్షం కనిపిస్తాయి. పోతన వల్ల ఆ ఏనుగు మొర మనకు నోటికొచ్చినదే. కాని ఈ స్తంభాలు పోతన పుట్టకముందే సముద్రానికి అవతలి ఒడ్డున చెక్కినవి. ఈ శిల్పాలను కేవలం తమిళ ఘనతగా చదవడం సరిపోదు. రాయి అక్కడిది. పనితనంలో స్థానిక శిల్పుల చేయి తెలుస్తుంది. కథ మనది, ఉలి వాళ్లది.

సరుకుల సాక్ష్యాన్నీ తీసిపారేయలేం. 1974లో హౌజు రేవు బురదలోంచి వెలికితీసిన 13వ శతాబ్దపు ఓడ 24 మీటర్లకు పైగా మిగిలి ఉంది. అడ్డుగోడలు దాన్ని 13 అరలుగా విడదీశాయి. ఒక అరలో నీళ్లు దూరినా మిగతావి తేలేలా చేసిన కట్టడమిది. రెండు టన్నులకు పైగా సుగంధ కాష్ఠం, మిరియాలు, పోకచెక్కలు, గవ్వలు, సరుకుకు కట్టిన చెక్క బిళ్లలు అందులో దొరికాయి.

విదేశీ వర్తకుణ్ణి నిలుపుకోవాలనే ఆలోచన ఆ కాలంలోనే మన తీరంలోనూ కనిపిస్తుంది. గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం 1244 నాటిది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సొత్తును పూర్వ రాజులు కాజేసేవారనీ, తాను ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోననీ కాకతీయ రాజు అందులో హామీ ఇచ్చాడు. సుంకాల పట్టికలో చీని కర్పూరం కూడా ఉంది. మార్కోపోలో మోటుపల్లిని ముత్‌ఫిలి పేరుతో వర్ణించాడు. ఒకచోట గాలి మొక్కు, మరోచోట అభయం: రెండూ పరాయి వర్తకుణ్ణి నిలుపుకోవడానికి పాలకులు పడిన పాట్లే.

1357లో మొదలై పదేళ్ల పాటు సాగిన తిరుగుబాటు చ్వాన్‌జౌ విదేశీ వాడలను చెల్లాచెదరు చేసింది. తర్వాత మింగ్ చక్రవర్తులు విధించిన సముద్ర నిషేధం రేవును మరింత కుంగదీసింది. ఇక జరగాల్సిన పని తెలుగు తీరం మీద ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా కొత్తపట్నంలోనూ, మోటుపల్లిలోనూ చైనా పింగాణీ పెంకులు దొరికాయి. వాటిని ఫూజియెన్ బట్టీల నమూనాలతో సరిపోల్చి, ఏ పెంకు ఏ బట్టీలో కాలిందో, ఏ కాలం నాటిదో తేల్చాలి. అప్పుడే ఈ రెండు తీరాల శాసనాలను పక్కపక్కన పెట్టి చదవడం వీలవుతుంది.