పేరులోని సిగ్గు

సూరత్‌లోని మన తెలుగువారు పల్సానాను అద్దకపు మిల్లుల వలన ఎరుగుదురు. 1949 వరకు అది బరోడా సంస్థానపు సీమ. అచ్చటి పొలములలో శ్రమించిన ఒక గిరిజన జాతిని ‘దుబళా’ అనుచుండిరి. ఆ మాటకు దుర్బలుడని అర్థము చెప్పుదురు. పెండ్లికి చేసిన అప్పు తీరక, భూస్వామి యింట బ్రతుకంతయు ‘హాళీ’గా దున్నినవాడు దుర్బలుడట! ఆ పేరు పెట్టినది ఎవరో వేరుగ చెప్పవలెనా?

గాంధేయులు వారిని ‘హళపతి’, అనగా నాగలికి ప్రభువు, అనిరి. తూర్పు అడవులలోని ‘కాళీపరజ్’, నల్లజనము, ‘రానీపరజ్’, అడవిజనము, అయ్యెను. పేరు మారినది గాని అప్పు వెంటనే తీరలేదు.

అయితే 1922లో ఆ అడవిజనులే, ఏ సంస్కర్తయు పిలువకయే, సలాబాయి దేవి ఆనతియని కల్లు సారాలు విడిచిరి, నిత్యస్నానము పట్టిరి, సారా వర్తకులైన పారశీల పొలములకు కూలికి పోమనిరి. లోపము తమదని ఒప్పుకొనుటతో మొదలైన పట్టుదల అది.

మన బెజవాడలో త్రోవ వేరు. 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన కూడిన సభ ‘పంచమ’ శబ్దమును త్రోసివేసి, తాము ఆది ఆంధ్రులమని నిశ్చయించుకొనెను. మద్యము మానుడని వర్మగారును బోధించినవారే; కాని ఆ సభ తన లోపమును గాక తన పూర్వమును ఎంచుకొన్నది. 1922లో మద్రాసు ప్రభుత్వము ఆ పేరును అంగీకరించెను.

గుజరాతు షెడ్యూల్డు తెగల జాబితాలో మాత్రము దుబళా, తలావియా, హళపతి అను మూడు పేర్లును నేటికిని ఒకే వరుసలో నున్నవి.