గడియ వెనక చరిత్ర

మా అమ్మమ్మ రాత్రి పడుకోబోయే ముందు తలుపు గడియ మూడుసార్లు చూసేది. అమ్మ కూడా అంతే. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఉంటూ నేనూ చూస్తాను. ఎందుకని ఎవరం ఎవరినీ అడగలేదు. ఇంటి అలవాటనుకున్నాం.

పరిశోధన కోసం ‘మనకు తెలియని మన చరిత్ర’ చదువుతున్నప్పుడు ఆ గడియ గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ఆ పుస్తకంగా తెచ్చింది. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక కూడా పల్లెలకు శాంతి రాలేదు. రజాకార్లు పోయారు. కమ్యూనిస్టుల కోసం సైన్యం, పోలీసులు వచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించే దాకా గాలింపులు సాగాయి. అమ్మమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు.

ఆ పుస్తకంలో నన్ను పట్టి ఆపినవి వీరగాథలు కావు. అడవిలో కన్న బిడ్డను ఉద్యమం కోసం ఇతరుల చేతుల్లో పెట్టిన కమలమ్మ మాటలు. పోరాటం ఆగాక తిరిగి వంటింటికే చేరాల్సివచ్చిన స్త్రీల మాటలు. గెలుపోటముల లెక్కలో చోటు దొరకని ఆ దుఃఖం బయటికి రావడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. అదీ, అడిగే ఆడవాళ్లు వచ్చి ఎదురుగా కూర్చున్నాకే. బాల్య వైధవ్యం, అజ్ఞాతవాసం, భర్త విడిచిపోవడం, పిల్లలిద్దర్నీ పోగొట్టుకోవడం అన్నీ చూసిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ వచ్చేసరికి (2012) ఆమెకు తొంభై దాటాయి.

కమలమ్మ కథనాన్ని ఒక సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చేతులు ఆగాయి.

“మా పెద్దమామను పోలీసులు రాత్రిపూట తీస్కపోయిన్రు. మళ్ల రాలే. తలుపు కొడితే గడియ తీసింది మా అమ్మనేనట. మా అమ్మమ్మ ఒక్కసారే చెప్పింది. అమ్మ మాత్రం ఎన్నడూ నోరు తెరవలే.”

పదిహేనేళ్ల పిల్ల తీయకపోతే ఆ తలుపు నిలిచేదా? రాజ్యం చేసిన హింస ఒక ఆడపిల్ల తప్పుగా మారి ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెలో నేరభావమై, అమ్మలో భయమై, నాలో అలవాటైంది. కుటుంబ గాయాన్ని చరిత్రలో పెట్టి చూడటమంటే నాకు అర్థమైంది ఇదే: ఆ నేరాన్ని దాని అసలు చిరునామాకు పంపడం. దాంతో గాయం మాసిపోతుందని అనను. చెప్పి తీరాలని ఏ తల్లినీ నిలదీసే హక్కూ మనకు లేదు. వినడానికి సిద్ధంగా ఉండటం మాత్రం మన పని.

ఆ రాత్రి కూడా అమ్మ గడియ మూడుసార్లు చూసింది. పడుకోబోతూ, “మా అమ్మ తప్పేం లేదు గద?” అనడిగింది.

“లేదమ్మా” అన్నాను.

ఆ ఒక్క మాట అమ్మమ్మకు చెప్పడానికి ఆమె బతికుండగా ఎవరమూ లేకపోయాం.