విషముష్టి – రసాయన పరీక్ష

తెలంగాణపు అడవులలో ముషిణి చెట్టు మనకు క్రొత్తది కాదు. బిళ్ళవలె చదునైన దాని గింజనే వైద్యగ్రంథములు విషముష్టి యనుచున్నవి. వాతరోగములకు వాడు ఆ గింజయే మితి తప్పినచో ప్రాణము తీయును. పూర్వులు ఇది యెఱిగియే, గోమూత్రమున నానబెట్టి, ఆవుపాలలో నుడికించి, పైతోలు తీసి, నేతిలో వేయించి శుద్ధి చేసినగాని వాడరాదనిరి.

ఆ విషమేదియో తెలిపినది రసాయనశాస్త్రము. 1818లో ఫ్రాన్సు దేశీయులగు పెల్లెటియే, కావంటూ అనువారు ఈ కులపు గింజలనుండి స్ట్రిక్నిన్ అను ద్రవ్యమును వేఱుచేసిరి. విషముష్టి గింజలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ మొదలగునవి కలిసి నూటికి సుమారు రెండు మూడు పాళ్ళుండును. శుద్ధి చేసిన గింజలను పరీక్షింపగా స్ట్రిక్నిన్ తగ్గుట కనబడినది. పూర్వుల విధి వట్టి యాచారము కాదు.

అయినను తగ్గుట వేఱు, తగినంత తగ్గుట వేఱు. ఎంత మిగిలినదో కన్ను చూడలేదు, నాలుక తూచలేదు, ప్రయోగశాలయే చెప్పవలెను.

1930లో చోప్రా గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము దేశములోని మందుల స్థితిని విచారించి 1931లో నివేదిక నిచ్చెను. 1940లో ఔషధముల చట్టము వచ్చెను. 1964 సవరణతో ఆయుర్వేద, యునానీ మందులకు అందు ప్రత్యేకాధ్యాయ మేర్పడెను. నియమములలోని విషద్రవ్యముల పట్టికలో విషముష్టి కలదు. అది చేరిన మందును కడుపులోనికి వాడునపుడు వైద్యుని పర్యవేక్షణ కావలెనని పైచీటిపై హెచ్చరిక యుండవలెను.

కావున జగిత్యాలలోనైనను కోరుట్లలోనైనను చీటి లేని పొడిని కొనకుడు. “శుద్ధి యైనదా?” యని యడిగి యూరకుండక, “పరీక్ష యైనదా?” యనియు నడుగుడు.