నాంపల్లి, అబిడ్సు: ఒక పల్లె, ఒక దుకాణము

వ్యాజ్యమునకో వైద్యమునకో హైదరాబాదు వచ్చు మన గ్రామస్థులలో పెక్కుమంది నాంపల్లి స్టేషనులో దిగుదురు. అచ్చటనుండి తూర్పుగా కొంతదవ్వు నడచినచో అబిడ్సు చౌరస్తా వచ్చును. ఈ రెండు పేటల నడుమ ఏరు లేదు, గోడ లేదు. ఒకటి ఎచ్చట ముగిసి రెండవది ఎచ్చట మొదలగునో చెప్పుట కష్టము. కాని వీని పుట్టుకలు వేరు. మొదటిది పల్లె పేరు, రెండవది దుకాణము పేరు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణమున హైదరాబాదు నగరమును నిర్మించెను. నదికి ఉత్తరపు గట్టు నాడు నగరమునకు వెలుపలిది. అచ్చటి యొక గ్రామము నేక్‌నామ్‌ఖాన్ అను కుతుబ్‌షాహీ సేనానికి చెందినదనియు, నేక్‌నామ్‌పల్లియే జనుల నోళ్ళలో నాంపల్లి యైనదనియు చెప్పుదురు. ఆయన 1672లో మరణించెను. గోలకొండ చెంత కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఆయన గోరి కలదు. నేక్‌నామ్ అనగా పారసీకమున మంచి పేరు. ఆ మాటలో సగము జారిపోయి, తెలుగు ‘పల్లి’ మాత్రము చెక్కు చెదరక నిలిచినది.

1687లో ఔరంగజేబు ఎనిమిది మాసములు ముట్టడించి గోలకొండను గెలిచెను. ఆ సేనలో ఉండినట్లు చెప్పబడు యూసుఫ్‌బాబా, షరీఫ్‌బాబా అను ఫకీరుల దర్గా నాంపల్లిలోనే యున్నది. అచ్చటికి హిందువులును మ్రొక్కుబడులు తీర్చుకొన వత్తురు.

మరి నగరము నది దాటి ఇటు ఏల వచ్చినది? దీనికి కారణములు కొన్ని కలవు. 1786 ప్రాంతమున రేమాను అను ఫ్రెంచి సేనాని నిజాము కొలువున నుండి, నేటి అబిడ్సు చెంత ఫిరంగులు పోతపోయు కార్ఖానా పెట్టించెను. దానివలననే గన్‌ఫౌండ్రీ యను పేరు వచ్చినది. పిమ్మట పందొమ్మిదవ శతాబ్ది తొలి యేండ్లలో కోఠీలో ఆంగ్లేయుల రెసిడెన్సీ వెలసెను. దాని నీడన వర్తకులు చేరిరి. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుదారి పడెను. 1907లో నాంపల్లి స్టేషను కట్టబడెను. మరుసటి యేడు సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధికై ప్రత్యేక మండలి ఏర్పడి, వీధులు విశాలము చేయు పని చేపట్టెను.

ఈ నడుమనే అబిడ్సు పుట్టినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1869 నుండి 1911 వరకు ఏలెను. ఆయన కొలువున ఆల్బర్ట్ అబిడ్ అను ఆర్మీనియా దేశీయుడొకడు ఉండెను. అతడు పెట్టిన దుకాణమే ఈ పేటకు పేరు. చివరి ‘స్’ ఆంగ్లమున షష్ఠీవిభక్తి. అనగా ‘అబిడ్‌గారిది’ అని యర్థము. దుకాణము పోయి ఆ స్థలమున ప్యాలెస్ టాకీసు వచ్చినది. అదియు పోయినది. పేరు మాత్రము నిలిచినది.

ఈ పేటల నడతలును వేరు. నాంపల్లి రాకపోకలది, సభలది. అచ్చటి ఉద్యానవనమున 1913లో పూర్తియైన టౌనుహాలు పిదప శాసనసభా భవనమైనది. 1938లో ఆ వనముననే మొదలైన పారిశ్రామిక ప్రదర్శనము 1946 నుండి నాంపల్లి మైదానమున ఏటేట జరుగుచున్నది. అబిడ్సు వర్తకమునకును చదువునకును నెలవు. దాని చేరువనే ఉస్మానియా విశ్వవిద్యాలయము తొలుత అద్దె యిండ్లలో పాఠములు ఆరంభించెను. నేటికిని ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటలపై పాత పుస్తకములు రాశులుగా అమ్ముదురు.

మన భాషకును ఈ పొరుగుననే ఒక చరిత్ర కలదు. 1901లో రామకోటియందు రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. 1921లో వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభికులు కొందరు గేలిచేసిరి. ఆ రాత్రియే తెలుగువారు కొందరు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. సొంత రాజధానిలో సొంత మాటకు చోటు వెదకుకొనవలసిన దినములవి.

అయ్యలారా, ఇంత చెప్పినను నాకొక వెలితి తోచుచున్నది. నాంపల్లి పల్లెగా నున్ననాడు అచ్చట అరక దున్నినవారెవరు? వారి పొలముల పేర్లేవి? సేనాని పేరు నిలిచినది, వర్తకుని పేరు నిలిచినది. కాపు పేరు నిలువలేదు, ఏలయన దానిని వ్రాసినవారు లేరు. నేడు నగరము ఎన్నియో పల్లెలను తనలో కలుపుకొనుచున్నది. మీ గ్రామమునకును రేపు ఆ గతి పట్టవచ్చును.

లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనములను సంపుటముగా ప్రకటించిరి. గుడి ముంగిట, చెరువు గట్టున పడియున్న రాళ్ళు అట్లు చరిత్రలైనవి. మీ చేనుల పేర్లు, కుంటల పేర్లు, తూము కట్టించినవారి పేర్లు మీకు నోటనున్నవి. మనుమని చేతికి కలమిచ్చి వానిని వ్రాయింపుడు. ఒక నోటుపుస్తకము చాలును.