ఛాసిస్ ఒకరిది, తొట్టి ఒకరిది

బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే దారి చిక్కబళ్లాపురం దాటి, బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి దిగుతుంది. 2010లో రహదారుల నెంబర్లు మార్చక ముందు దాన్ని ఎన్‌హెచ్ 7 అనేవారు, ఇప్పుడు 44. కేబిను లేని, తొట్టి లేని లారీలు రోడ్డెక్కి పోవడం ఒకప్పుడు ఇలాంటి దారుల మీద మామూలు దృశ్యం. ఇంజను, చక్రాలు, రెండు పొడుగాటి ఇనుప దూలాలు, స్టీరింగు ముందు తాత్కాలికంగా బిగించిన సీటు, దాని మీద తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు. టాటా వాళ్లు 1954లో డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టిన నాటి నుంచి దశాబ్దాల పాటు మన దేశంలో కంపెనీ అమ్మింది ఎక్కువగా ఈ ఛాసిస్‌నే. ఎన్నూరు అశోక్ లేలాండ్ దారీ అదే. మిగతా బండి కట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, నామక్కల్, తిరుచెంగోడుల్లో, బెంగళూరు షెడ్లలో ఉన్న వడ్రంగులూ కమ్మరులూ పెయింటర్లూ. కాబట్టి లారీ కొన్నవాడికి పూచీపడేవాళ్లు మొదటి నుంచీ ఇద్దరు. గేరుబాక్సు పోతే కంపెనీని అడగాలి, తొట్టి పలక విరిగితే బాడీ కట్టిన షెడ్డును అడగాలి. ఛాసిస్ దూలానికి ఎక్కడపడితే అక్కడ రంధ్రాలు పెట్టొద్దని, వెల్డింగు చేయొద్దని, యూ-బోల్టులతో పట్టి బిగించమని కంపెనీలు చెప్పేవి. ఆ మాట కాదని వెల్డింగు పెట్టిన చోట దూలం చీలితే ఆ నష్టం షెడ్డుది. అంతేగానీ వడ్రంగి చెయ్యి పడిందన్న ఒక్క కారణంతో ఇంజను పూచీ మొత్తం రద్దయిందని అనడానికి వీల్లేదు, ఎందుకంటే వడ్రంగి లేకపోతే అసలు అది లారీయే కాదు.

కొత్త కారుకు బయట షెడ్డులో ఏదో బిగించారని వారంటీ నిరాకరించడం, ఎక్స్ఛేంజికి తీసుకెళ్తే ధర తెగ్గోయడం మీద ఇప్పుడు చింతామణిలోనైనా చిక్కబళ్లాపురంలోనైనా నడిచే తగాదాకు పరిష్కారం పాత లారీ వ్యాపారంలోనే ఉందని నా వాదన. ఎవరు చేసిన పనికి వాళ్లు పూచీ, ఏ పని ఎవరు చేశారో కాగితం మీద ఉండాలి. ఈ రెండు ముక్కలతో ఒక పెద్ద వ్యాపారం దశాబ్దాలు నడిచింది. కార్ల దగ్గరికి వచ్చేసరికి మొదటి ముక్కను కంపెనీలు వదిలేశాయి, రెండోదాన్ని యజమానులు వదిలేశారు.

అంబాసిడర్, ఫియట్, జీపుల కాలంలో ఈ ప్రశ్నే పుట్టలేదు. కంపెనీ పూచీ కొద్ది కాలానికే తీరిపోయేది, ఆ తర్వాత బండి బతుకంతా మెకానిక్ చేతిలో. పెట్రోలు తాగే జీపులో డీజిల్ ఇంజను దించడం, కొత్త పిస్టన్లు వేసి బోరు చేయించడం, వెనక బెంచీలు పొడిగించి మనుషుల్ని ఎక్కించడం రోజువారీ పనులు. అమ్మేటప్పుడు అడిగేది కూడా ఇంజను ఎవరు విప్పారు, ఎప్పుడు కట్టారు అన్నదే. పేరున్న మెకానిక్ చేసిన బండికి ధర పలికేది. అంటే మార్పు విలువను తగ్గించడమే కాదు, పెంచేది కూడా. దీంట్లో మొదటి మలుపు గ్యాస్ కిట్లతో వచ్చింది. వంటగ్యాస్ సిలిండరును ఓమ్నీ వెనక పడుకోబెట్టి, రబ్బరు పైపు లాగి నడపడం ఎంత ప్రమాదమో తెలిసి కూడా పెట్రోలు ధర చూసి చాలామంది ఆ పని చేశారు. 2000లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, 2001లో వచ్చిన ఎల్పీజీ ఉత్తర్వు కలిసి దీనికి ఒక దారి చూపాయి: ఆమోదం పొందిన కిట్ పెట్టించు, ఆర్సీలో రాయించు. ఇన్సూరెన్సు టారిఫ్‌లోనూ కిట్ విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం కట్టించుకుని దానికీ రక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ రోజు నుంచి ఒకే రకం కిట్ ఉన్న రెండు కార్ల మధ్య తేడా పనితనంలో కాదు, ఆర్సీలో కనబడింది. రాయించినది సజావుగా చేతులు మారింది, రాయించనిది కొన్నవాడి నెత్తిన పడింది.

రెండో మలుపు వారంటీ పొడవు కావడం. 2024 జులైలో మారుతి సుజుకి తన కార్ల మామూలు వారంటీని 2 ఏళ్లు, 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. రెండేళ్లు నడిపిన కారు అమ్మితే మిగిలిన ఏడాది పూచీ కూడా ధరలో కలిసిపోతుంది. కాబట్టి వారంటీ పోవడమంటే ఇప్పుడు రేపటి మరమ్మతు ఖర్చొక్కటే కాదు, అమ్మకం ధరలో కోత కూడా. మరోవైపు కారు లోపల వైర్ల స్వభావం మారిపోయింది. పాత బండిలో హెడ్‌లైటు వైరు బల్బు దగ్గరికే పోయేది. 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెడితే, రిలే వేయకపోతే, హోల్డరు కరిగేది, స్విచ్ కాలేది, పది నిమిషాల్లో మార్చేవారు. ఇప్పుడు అదే వైరు ఒక కంట్రోల్ యూనిట్ గుండా పోతుంది. పొగలైట్ల కోసం బ్లేడుతో తోలు గీరి, రాగి తీగ మీద ఇంకో తీగ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టిన చోట రెండు వానాకాలాల్లో తేమ దిగుతుంది, టేపు జారుతుంది, కరెంటు దారి తప్పుతుంది. అదే పనిని తీగ కోయకుండా, సాకెట్‌కు సాకెట్ కలిపే కప్లరుతో, విడిగా ఫ్యూజూ రిలే వేసి చేయొచ్చు. రెంటికీ ఖర్చులో తేడా కొద్దే. ఆ కొద్దిపాటి డబ్బు దగ్గర కక్కుర్తిపడే షెడ్లే మొత్తం వృత్తికి చెడ్డపేరు తెస్తున్నాయి.

ఈ ప్రాంతానికి సొంతమైన మార్పు ఇంకొకటుంది. కోలారు, చింతామణి, మదనపల్లె మార్కెట్ల మధ్య టమాటా మోసే పికప్ బండ్లను చూడండి. తొట్టి పక్కలు ఎత్తు పెంచి ఉంటాయి, వెనక కమాన్ కట్టలో అదనంగా ఒక పట్టీయో రెండో ఉంటాయి. కోలారు వైపు క్రేటు 15 కిలోలు. ఇంకో నలభై క్రేట్లు పేరిస్తే 600 కిలోలు పెరిగినట్టే. పట్టీ ఆ బరువును మోస్తుంది, నిజమే. కానీ బ్రేకులు, ఇరుసు, డిఫరెన్షియల్, టైర్లు కంపెనీ లెక్కకే తయారైనవి. ఇరుసు విరిగి వారంటీ అడిగితే కంపెనీ ఆ అదనపు పట్టీని చూపించి కాదంటుంది. అక్కడ కంపెనీదే న్యాయమని నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే మార్పుకూ నష్టానికీ నేరుగా సంబంధం ఉంది. అదే బండిలో ఏసీ కంప్రెసరు ఆగిపోతే, మీటరు బోర్డు చచ్చిపోతే? కమాన్ పట్టీకీ దానికీ ఏం సంబంధం? అక్కడా పట్టీనే చూపించి పొమ్మనడం అన్యాయం.

కంపెనీ తరఫున వినిపించే వాదన బలమైనదే: ఎవరో చేసిన పనికి మేమెందుకు పూచీపడాలి? పడనక్కర్లేదు. కానీ దాన్ని సాకుగా తీసుకుని తాను చేసిన పనికి కూడా పూచీ తప్పించుకోకూడదు. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ఈ గీతనే గీసింది. బయటి భాగం వాడినంత మాత్రాన వారంటీ తీసేయడానికి లేదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదుగానీ, 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల జరిమానా వేస్తూ దాదాపు అదే చెప్పింది. బయటి గ్యారేజీలో పని చేయించారని వారంటీ గంపగుత్తగా రద్దు చేయకూడదు, ఆ పని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే రద్దు చేయొచ్చు. ఆ ఉత్తర్వు మరమ్మతుల గురించినది, అదనపు హంగుల గురించి కాదు. కంపెనీలు అప్పీళ్లకూ వెళ్లాయి. అయినా అందులోని తర్కం రెంటికీ ఒకటే. ఇన్సూరెన్సు విషయంలో సుప్రీంకోర్టు 2010లో అమలేందు సాహూ కేసులో ఇంకో అడుగు వేసింది. సొంత కారును బాడుగకు వాడారన్న ఆరోపణ ఉన్నా క్లెయిము మొత్తం కొట్టేయడం తగదని, 75 శాతం దాకా ఇచ్చి పరిష్కరించవచ్చని చెప్పింది. తప్పుకు తగ్గ కోత ఉండాలి, ఉంటే అంతా లేకపోతే సున్నా అనే పద్ధతి కాదు. దీనికి ఎదురుగా 2019 వినియోగదారుల చట్టం 87వ సెక్షన్‌ను చూపిస్తారు. హాని జరిగే నాటికి వస్తువును మార్చి ఉంటే అమ్మినవాడి మీద ఉత్పత్తి బాధ్యత దావా చెల్లదని అందులో ఉంది. అది హానికి పరిహారం అడిగే దావాల మాట. కాగితం మీద రాసిచ్చిన వారంటీని ఏ కారణం లేకుండా వెనక్కి తీసుకోవడానికి అది అనుమతి పత్రం కాదు.

సంబంధం ఉందో లేదో తేల్చేదెవరు అన్నది తర్వాతి అభ్యంతరం. స్కానరు, వర్క్‌షాపు, ఇంజనీర్లు కంపెనీ దగ్గరున్నాయి, యజమాని దగ్గర బిల్లు తప్ప ఏమీ లేదు. సాధనాలున్నవాడే నిరూపించాలి. ఏ భాగం, ఏ మార్పు వల్ల, ఎలా చెడిందో రాతపూర్వకంగా చెప్పలేనివాడికి క్లెయిము నిరాకరించే హక్కు ఉండకూడదు.

అయితే ఇక్కడి యజమానుల వాదన కూడా ఒకటి తోసిపుచ్చక తప్పదు: నా బండి, నా ఇష్టం. రోడ్డు మాత్రం అందరిదీ. 2012లో అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దంది. ముందు బిగించే ఇనుప గార్డులను ఆపమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఆ గార్డు దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది, నలిగి దెబ్బ మింగాల్సిన ముందుభాగం నలగదు, ఎయిర్‌బ్యాగు లెక్క తప్పుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట చెప్పిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వచ్చాయి. తొట్టి కట్టే వృత్తి కూడా ఇంతకుముందులా లేదు. బస్సులకు ఏఐఎస్-052, లారీలకు ఏఐఎస్-093 అన్న కోడ్‌లు వచ్చి షెడ్ల పనిని కొలతల్లోకి తెచ్చాయి. దానివల్ల చిన్న షెడ్లు నష్టపోయాయన్న బాధ నిజమే. కానీ ప్రమాదంలో చెక్క కేబిను ముక్కలై డ్రైవర్లు చనిపోయిన రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు.

సరిహద్దులో ఉన్నందువల్ల చింతామణి, చిక్కబళ్లాపురం లాంటి ఊళ్లకు ఇదంతా ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లాలో కేఏ 40, కేఏ 67 నెంబర్లతో తిరిగే కార్లు చివరకు హిందూపురమో కదిరియో మదనపల్లెయో చేరడం మామూలే. రాష్ట్రం దాటాలంటే 28వ ఫారం మీద ఎన్‌ఓసీ కావాలి, ఛాసిస్ నెంబరుకు పెన్సిల్‌తో ప్రింటు తీయాలి, 12 నెలలు మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అక్కడి పన్ను కట్టాలి. ఊళ్లోనే చేతులు మారేటప్పుడు ఎవరూ పట్టించుకోని మార్పు ఆ తనిఖీలో బయటపడుతుంది. రాయించని గ్యాస్ కిట్, మార్చిన రంగు, పెంచిన సీట్లు అక్కడ బండిని ఆపేస్తాయి. ఎత్తు పెంచిన పికప్ తొట్టి పక్కూరి టమాటా రైతుకు పనికొస్తుందేమో, బెంగళూరు కొనుగోలుదారుకు పనికిరాదు. మార్పు విలువ ఎవరు కొంటున్నారన్నదాని మీద ఆధారపడుతుంది, కొనేవాళ్ల సంఖ్య తగ్గేకొద్దీ ధర తగ్గుతుంది. అల్లాయ్ చక్రాలకూ పెద్ద స్పీకర్లకూ పెట్టిన డబ్బు తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లు కూడా ఆర్టీవో దగ్గర అధికారం పొందాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. బ్రోకరు నోటిమాటకు బదులు రికార్డు రావడం కొనేవాడికి మంచిదే.

కాబట్టి బండికి ఏదైనా బిగించాలనుకుంటే తీగ కోయని షెడ్డుకే ఇవ్వండి, తీసిన కంపెనీ భాగాన్ని అటక మీద దాచండి, బిల్లు మీద షెడ్డు పేరు, చేసిన పని, తేదీ రాయించుకోండి, ఆర్సీకెక్కాల్సిందాన్ని ఎక్కించండి, ఇన్సూరెన్సుకు చెప్పండి. వారంటీ లేదని షోరూము నోటితో చెబితే ఊరుకోకండి. ఏ భాగం, ఏ కారణం అన్నది కాగితం మీద ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అక్కడ ఫిర్యాదు చేయడానికి వకీలు తప్పనిసరి కాదు.