ముక్కు లేని కళ్లద్దాలు

మా నాన్నగారి కాలం నుంచి విశాఖపట్నంలో మాది కళ్లజోళ్ల షాపు. ఏ ఫ్రేము చేతికొచ్చినా ముందు అది ముక్కు మీద ఆనే చోటు చూడటం నాకు అలవాటు. జపాన్‌లోని తోబా పట్టణంలో సముద్రం మీద బతికేవాళ్ల పనిముట్లు దాచిన మ్యూజియం ఒకటుంది. నగోయాలో ఉద్యోగం చేసే మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ ‘అమా’ల పాత కళ్లద్దాల ముందు చాలాసేపు నిలబడిపోయాను. గుండ్రటి రెండు అద్దాలు, వాటి చుట్టూ అంచు, తలకు బిగించుకునే కట్టు. ముక్కు మాత్రం బయటే. నీళ్ల కింద వాళ్లు పడ్డ తిప్పలన్నీ ఆ బయట మిగిలిపోయిన ముక్కు వల్లే.

అమాలంటే ఊపిరి బిగబట్టి మునిగి, బండల సందుల్లోంచి అబలోన్లనే పెద్ద నత్తల్నీ, సముద్రపు నాచునీ ఏరుకొచ్చే ఆడవాళ్లు. కొన్ని వందల ఏళ్లు వాళ్లు వట్టి కళ్లతోనే మునిగారు. అదెంత కష్టమో మా పని తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కంటి ముందు పొర కార్నియా గాలిలో సుమారు 43 డయాప్టర్ల పవర్ ఇస్తుంది. నీళ్లు తగిలితే అది దాదాపు మొత్తం పోతుంది. ప్లస్ మూడు రాసిస్తేనే ‘అంత పవరా!’ అని కంగారు పడేవాళ్లను రోజూ చూస్తుంటాను. నీళ్లలో కళ్లు తెరిచిన మనిషిది ప్లస్ 40 దాటిన చూపు. ఆ మసకలో, బండ రంగులోనే ఉండే అబలోన్‌ని పట్టుకోవాలంటే చేతి వేళ్లకీ అనుభవానికీ ఎంత పదును ఉండాలి!

19వ శతాబ్దం చివర్లో, మెయిజీ చక్రవర్తి కాలంలో అద్దాలొచ్చాయి. ఇంత స్పష్టంగా కనబడితే సముద్రంలో ఏమీ మిగలదని భయపడి కొన్ని ఊళ్లవాళ్లు మొదట్లో వాటిని నిషేధించారు. చేతికందే రాబడికి తామే హద్దు గీసుకున్న ఆ ఊళ్లంటే నాకెంతో గౌరవం.

అద్దాలతో పాటే కంటి జబ్బు ఒకటి దిగింది. పది మీటర్ల లోతుకు పోయేసరికి ఒంటి మీద ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఒంట్లోని రక్తానికీ అదే ఒత్తిడి. అద్దం వెనక చిక్కుకున్న గాలికి మాత్రం గట్టి అద్దం, గట్టి అంచు అడ్డు. అది గట్టు మీది ఒత్తిడికి దగ్గర్లోనే ఆగిపోతుంది. అప్పుడా ఖాళీ కంటిని తనవైపు లాగుతుంది. తెల్లగుడ్డు మీది సన్నటి రక్తనాళాలు ఉబ్బి చిట్లిపోతాయి, రెప్పలు కమిలిపోతాయి. పైకొచ్చిన మనిషి కళ్లు చూస్తే ఎవరో కొట్టారనే అనుకుంటాం. ముక్కు లోపల ఉంటే కాస్త గాలి వదిలి ఆ ఖాళీని నింపొచ్చు. బయట ఉంటే ఎక్కణ్ణుంచి తెస్తారు?

తిత్తుల్లోంచి తెచ్చారు. కొరియా శాస్త్రవేత్త సుక్ కి హాంగ్, అమెరికాలో పనిచేసిన హెర్మన్ రాన్ కలిసి 1967లో ‘సైంటిఫిక్ అమెరికన్’లో ఈ ఆడవాళ్ల గురించి రాసిన వ్యాసంలో వాటి ప్రస్తావన ఉంది. కళ్లద్దాలకు రబ్బరుతోనో తోలుతోనో చేసిన చిన్న గాలితిత్తులు తగిలించేవారు. లోతుకు దిగేకొద్దీ, పాతకాలం రిక్షా హారన్ గుబ్బని చేత్తో నొక్కినట్టు, సముద్రమే వాటిని నొక్కి గాలిని అద్దాల వెనక్కి తోసేది. లెక్క కూడా తేలికే. అద్దాల వెనక 20 మిల్లీలీటర్ల ఖాళీ ఉంటే, పది మీటర్ల లోతుకు తిత్తుల్లో ఇంకో 20 ఉండాలి, ఇరవై మీటర్లకు 40. పడవ మీంచి దిగే అమాలు ఇరవై మీటర్ల దాకా పోయేవారు. తిత్తి పూర్తిగా చప్పబడ్డాక అంతకన్నా కిందికి దిగితే కళ్లు మళ్లీ మొదటి ప్రమాదంలోనే పడతాయి. అందుకే లోపలి ఖాళీ తగ్గేలా అద్దం కంటికి వీలైనంత దగ్గరగా కూర్చోవాలి. ఈ తిత్తులకన్నా తెలివైన అమరిక నా వృత్తిలో నేను చూడలేదు.

యూరప్ పుస్తకాలు ఈ కథని ఎక్కువగా మధ్యధరా తీరంలో ఎత్తుకుంటాయి. 1936లో ఫ్రాన్సులోని తూలోన్ దగ్గర, తర్వాత సముద్ర అన్వేషకుడిగా పేరొందిన జాక్ కూస్తో ‘ఫెర్నెజ్’ రకం కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో తల ముంచడం, పాత పైలట్ కళ్లద్దాలకు పుట్టీ పూసి చేపల వేటకు దిగిన గై గిల్‌పాట్రిక్ 1938లో పుస్తకం వేయడం, ఇవన్నీ వాటిలో ఉంటాయి. వాళ్ల ఉత్సాహం నాకూ ఇష్టమే. అయితే అప్పటికే కొన్ని దశాబ్దాలుగా కూటి కోసం అద్దాలతో మునుగుతున్న ఆడవాళ్లను రెండో వరసలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

చివరికి ముక్కును కూడా లోపల పెట్టుకున్న మాస్కు వచ్చాక తిత్తుల అవసరం తీరింది. కొరియాకు చెందిన జెజు ద్వీపంలో మునిగే ‘హేన్యో’ ఆడవాళ్లు కూడా చిన్న జంట అద్దాలు వదిలి పెద్ద ఒంటి అద్దానికి మారారు. అద్దానికి ఆవిరి పట్టకుండా మాచిపత్రి జాతి ఆకుని నలిపి లోపలివైపు రుద్దడం అక్కడా ఉంది, జపాన్‌లోనూ ఉంది.

మా ఊరి రుషికొండ తీరంలో మునగడానికి కళ్లద్దాలు కావాలని వచ్చేవాళ్లను నేను ముందు ఎంత లోతుకని అడుగుతాను. ఈత కొలను కళ్లద్దాలు నీటి మీద ఈదడానికే. కిందికి దిగేవాళ్లకు ముక్కు కప్పే మాస్కు కావాలి, అదీ లోపలి ఖాళీ తక్కువగా ఉన్నది. ముప్ఫై మీటర్లకు ఒత్తిడి నాలుగింతలు. 200 మిల్లీలీటర్ల మాస్కు నింపడానికి ఊపిరితిత్తుల్లోంచి గట్టు మీది కొలతలో 600 ఖర్చవుతుంది. 80 మిల్లీలీటర్లదైతే 240 చాలు. కట్టు తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చమంటాను. చెయ్యి తీసినా జారకపోతే అది ఆ ముఖానికి సరిపోయినట్టే.

బాగా లోతుకు పోయే ఈనాటి డైవర్లు కొందరు అసలు గాలే లేకుండా, కళ్లద్దాల నిండా ఉప్పునీళ్లు నింపుకుని, కార్నియా పోగొట్టుకున్న పవర్‌కి బదులు మందపాటి లెన్సు బిగించుకుంటున్నారు. దాంతో కళ్లకు ఒత్తిడి బాధ లేదు. చూపు మాత్రం ఇరుకు. తాడు పట్టుకుని నిటారుగా దిగేవాళ్లకి అది చాలు. బండల మధ్య అబలోన్లు వెతికేవాళ్లకి నేనైతే దాన్ని అమ్మను.